షట్టరుకు గడప ఉంటదా?

పోయిన వారం సుచరితను మనం నల్లగొండలో, గడియారం సెంటరు వెనక గల్లీలో, ఐలేశం నడిపే పిజ్జా హోటల్లో కూర్చోబెట్టి వదిలేసి వచ్చాం. ఆమెకు ఎదురుగా భర్త పరశురాం. పెళ్ళై మూడు నెలలు నిండకముందే ఆషాఢం వచ్చి ఇద్దరినీ విడదీసింది. పిల్ల హాలియాలో తల్లిగారింట్లో, పిల్లవాడు కేతేపల్లిలో తనింట్లో. ఆ నెలంతా అత్తా కొత్త కోడలూ ఒకే గడప లోపల ఉండకూడదు. అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. అందుకని ఇద్దరూ ఎవరి గడపా కాని చోటు వెతుక్కుని దొంగచాటుగా ఇక్కడికి వచ్చారు.

దొరికితే ఏమవుతుందో పరశురాం తల్లి పుష్పమ్మ ముందే చెప్పి పెట్టింది. "ఆషాడంల మీరిద్దరు కలిసిన్రని నా చెవుల పడ్డదంటే, శ్రావణంల కాదు, దసరా అయినంకనే కోడలిని తోలుకొచ్చుడు." పుష్పమ్మ అన్న మాట వెనక్కి తీసుకోవడం కేతేపల్లిలో ఎవరూ చూడలేదు.

ఆ పుష్పమ్మే ఇప్పుడు హోటలు ముందు ఆటో దిగుతోంది.

అప్పటిదాకా సుచరిత లోకంలో అన్నీ బాగున్నాయి. అద్దం తలుపు మీద సన్నటి వాన చుక్కలు జారుతున్నాయి. పరశురాం రుమాలులో చుట్టి తెచ్చిన మల్లెపూలు బస్సులో నలిగి, నలిగినందుకే ఇంకా ఎక్కువ వాసన వస్తున్నాయి. ఐలేశం బెంగుళూరులో పని నేర్చుకుని వచ్చి పెట్టిన హోటలు ఇది. మామూలు పిజ్జా చేయడు. వేలెడు లోతున్న గిన్నెకు లోపలంతా పిండి ఒత్తి, అంచులు గోడలా లేపి, అందులో చీజు, పనీరు, మక్కగింజలు నింపి, అన్నిటికన్నా పైన టమాట పోసి కాలుస్తాడు. ముప్పావు గంట పడుతుందని చెప్పినప్పుడు పరశురాం ముఖం చిన్నబోయింది. సుచరిత మాత్రం లోలోపల మురిసిపోయింది. తొందరగా వచ్చే తిండి తొందరగా అయిపోతుంది. తొందరగా అయిపోతే ఎవరి బస్సు వాళ్ళు ఎక్కాలి.

"మా అమ్మ," అన్నాడు పరశురాం. గొంతు రాలేదు, పెదవులు మాత్రం కదిలాయి. టేబుల్ మీది మెనూ కార్డు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏం చెప్పి వచ్చినవ్ ఇంట్ల?" సుచరిత గుసగుసగా అడిగింది.

"ఉన్నదే చెప్పిన. డిష్ కాడికి పోతున్న అన్న. అబద్ధం ఆడొద్దని నువ్వే గదా అన్నవ్."

సుచరితకు అర్థమైంది. ఈ హోటలు బోర్డు మీద 'డీప్ డిష్' అని ఉంటే ఉండుగాక. కేతేపల్లిలో డిష్ అంటే ఒకటే, ఇంటి మీద ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉండే టీవీ గిన్నె. మొన్న వచ్చిన గాలికి అది పక్కకు తిరిగింది. నాలుగు రోజులుగా అత్తగారు టీవీ ముందు కూర్చుని నీలం తెర చూస్తోంది. కొడుకు డిష్ దగ్గరికి వెళ్తున్నానంటే, దుకాణానికి వెళ్ళి డబ్బా లేకుండా ఏం చేస్తాడని, టీవీ డబ్బా సంచిలో వేసుకుని వెనక బస్సులో తనే బయలుదేరింది. నల్లగొండలో దిగి ఆటో అతన్ని "డిష్ దుకాణం" అని అడిగి ఉంటుంది. అతను ఊళ్ళో అందరికీ తెలిసిన డిష్ దగ్గరికి తెచ్చి దింపాడు.

ఐలేశం తలుపు సగం తెరిచి నిలబడ్డాడు.

"తమ్మి, డిష్ దుకాణం గిదేనా?"

"గిదే అక్కా. రాండ్రి, లోపల కూసోండ్రి."

"కూసునే టైం లేదు, మళ్ళ బస్సుకు పోవాలె. నాలుగు దినాల సంది బొమ్మ వస్తలేదు."

ఐలేశం తలెత్తి తన బోర్డు వైపు చూశాడు. బోర్డు మీద పిజ్జా బొమ్మ వెనకాల లైటు ఈ వారమే పోయింది. ఇంతమంది కస్టమర్లలో ఈమె ఒక్కతే గమనించినందుకు అతనికి సిగ్గేసింది. "లైటు పోయిందక్కా. రేపు మార్పిస్త."

"లైటు మంచిగనే ఉంది. ఎర్రగ ఎలుగుతాంది. బొమ్మనే లేదంటున్న."

"సరె అక్కా, బొమ్మ ముచ్చట తర్వాత. మీకు ఏ సైజు కావాలె?"

"అందరి ఇంటి మీద ఉంటదే, గంతే."

"అంటే మీడియం. ముప్పావు గంట పడ్తది."

"గంతసేపా? మా ఊరి సైదులు ఊర్ల లేడు గని, ఉంటే ఇట్ల తిప్పి అట్ల పెడ్తడు."

"తిప్పితే టమాట కారిపోతదక్కా. మెల్లగ కాలాలె."

"కాలుడేంది తమ్మి?"

"కాలకపోతే ఎట్ల తింటరు?"

పుష్పమ్మ ఆ మనిషిని పైనుంచి కిందికి చూసింది. సంచిలో చెయ్యి పెట్టి, తువ్వాలలో చుట్టిన నల్ల డబ్బా బయటికి తీసి, అతని ముక్కు కిందికి పట్టింది. "గిది తినేటట్టు కనిపిస్తాందా నీకు?"

సుచరిత కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు, ముక్కులోంచి కిచకిచమని బయటికి వచ్చేసింది. ఆ నవ్వు పుష్పమ్మకు తెలుసు. రెండు నెలలు పొద్దస్తమానం తన ఇంట్లో విన్న నవ్వు అది. ఆమె ఐలేశాన్ని పక్కకు జరిపి, తలుపు పూర్తిగా తెరిచి, లోపలికి కుడికాలు ఎత్తింది. ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది. మెల్లగా దాన్ని వెనక్కి తీసుకుని, మెట్టు మీద పెట్టుకుని, నిటారుగా నిలబడింది.

"పరశూ, గా అట్ట కింద పెట్టు. చెవులు కనిపిస్తున్నయ్."

పరశురాం కార్డు కింద పెట్టాడు. సుచరిత లేచి, "అత్తమ్మా" అంటూ తలుపు వైపు రెండడుగులు వేసింది.

"ఆడనే ఆగు పిల్లా. నువ్వు లోపల, నేను బయట. ఇట్లనే ఉండాలె." ఆమె కొడుకు వైపు తిరిగింది. "డిష్ కాడికి పోతున్న అంటివి గదరా?"

"గిది డిష్షేనమ్మా. బోర్డు చూడు."

"నిజం చెప్పి మోసం చేసుడు మీ కాలేజీల నేర్పిన్రా?"

పరశురాం పంచాయతీ కార్యదర్శి. నిబంధన ఏమిటో, అది ఎక్కడ వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో జనానికి విడమరిచి చెప్పడం అతని ఉద్యోగం. కొంచెం ధైర్యం తెచ్చుకుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నువ్వు చెప్పిన నియమం ఏంది? ఒక్క గడప లోపల అత్తాకోడండ్లు ఉండొద్దు. ఒప్పుకుంటున్న. గని గిది ఇల్లు గాదు. షట్టరుకు గడప ఉంటదా?"

"ఎందుకుండదు?"

"గడపంటే కట్టె ఉండాలె. పసుపు రాయాలె, బొట్లు పెట్టాలె. ఈడ ఉన్నది ఇనుప పట్టి. గడపే లేనప్పుడు తప్పు యాడిది? నువ్వు గూడ లోపలికి రా, సల్లగ కూసో."

వాదన గట్టిగానే ఉంది. వెనక టేబుల్ దగ్గరి కాలేజీ పిల్లలు తినడం ఆపి కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. అందరూ ఒకేసారి కిందికి చూశారు. తలుపు కింద నిజంగానే ఇనుప పట్టీయే ఉంది. పట్టీ పొడుగునా పసుపు ఉంది. పసుపు మీద ఎడం ఎడంగా, ముద్దుగా, కుంకుమ బొట్లు ఉన్నాయి. వాన జల్లుకు ఒక బొట్టు కొంచెం కరిగింది. ఎంత ఓపికగా పెట్టారో అని సుచరిత ఆ కష్టంలో కూడా మెచ్చుకోకుండా ఉండలేకపోయింది.

"గిదేంది తమ్మి?" అడిగింది పుష్పమ్మ.

"శుక్రారం శుక్రారం మా ఇంటామె పెడ్తదక్కా," అన్నాడు ఐలేశం గర్వంగా. "దుకాణం గడప గదా మరి."

పరశురాం అతని వైపు చూసిన చూపుకు వేరే ఎవరైనా అయితే బిల్లు తగ్గించేవాళ్ళు.

"విన్నవా కార్యదర్శీ?" అంది పుష్పమ్మ.

"అయితే నేనే బయటికి వస్త అత్తమ్మా," అంది సుచరిత.

"వానల యాడ నిలవడ్తవ్? కొత్త కోడలు తడిసి జరమొస్తే మీ అమ్మ నన్నంటది."

"అయితే నువ్వు పో అమ్మా," అన్నాడు పరశురాం.

"నేను వానల పోవచ్చా?"

అలా ఎవరూ లోపలికి రాలేక, ఎవరూ బయటికి పోలేక నిలబడి ఉండగా లోపలి పొయ్యి గంట కొట్టింది. ఐలేశం రెండు చేతులకూ మందపాటి గుడ్డలు చుట్టుకుని గిన్నె తెచ్చాడు. టమాట బుడబుడమంటోంది. అంచుల్లో చీజు ఎర్రగా కాలి గిన్నెకు అంటుకుని ఉంది. ఆ వాసన తలుపు దాకా వచ్చింది, ఏ నియమమూ అడ్డురాకుండా గడప కూడా దాటింది. అత్తగారి కళ్ళు గిన్నె వెంట ఇటు నుంచి అటు కదలడం సుచరిత చూసింది. పొద్దున ఎప్పుడో ఇంత చాయి తాగి బస్సెక్కి ఉంటుంది.

"ఐలేశమన్నా, గీ టేబుల్ జర పట్టు," అంది సుచరిత.

ఐలేశం గిన్నెను పక్క టేబుల్ మీద దించాడు. ముగ్గురూ కలిసి టేబుల్‌ను తలుపు దాకా ఈడ్చారు. ముందు రెండు కాళ్ళు ఎత్తి పట్టీ అవతల దించారు. ఇప్పుడు టేబుల్ సగం హోటల్లో ఉంది, సగం గల్లీ మెట్టు మీద ఉంది. పైన రేకుల పంచ ఉంది కాబట్టి వాన పడదు. ఐలేశం ఒక కుర్చీ బయట వేశాడు. సుచరిత లోపలి కుర్చీలో కూర్చుంది. పుష్పమ్మ టేబుల్ కాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో వంగి చూసుకుని, తప్పు పట్టడానికి ఏమీ దొరక్క, బయటి కుర్చీలో కూర్చుంది.

గిన్నెను సరిగ్గా మధ్యలో పెట్టబోయాడు ఐలేశం.

"ఆడ పెట్టకు తమ్మి. గడప మీద ఎవరన్న అన్నం పెడ్తరా? ఇటు జరుపు."

గిన్నె బయటికి జరిగింది. సుచరిత కత్తి తీసుకుని ఆగింది. "కోస్తే నా చెయ్యి దాటుతది అత్తమ్మా."

"చెయ్యి దాటితే ఏంగాదు. కాలు దాటొద్దు."

పరశురాం నోరు తెరిచి, ఈ కొత్త నిబంధన ఎప్పటి నుంచి అమల్లోకి వచ్చిందో అడుగుదామనుకుని, మళ్ళీ మూసుకున్నాడు.

మొదటి ముక్క అత్తగారి పళ్ళెంలోకి వెళ్ళింది. రెండో ముక్క సుచరిత తన వైపు లాక్కుంటే చీజు తెగలేదు. దారంలా సాగి సాగి, గిన్నెకూ ఆమె పళ్ళేనికీ మధ్య గడప మీదుగా వేలాడింది. ఆమె చెయ్యి ఇంకా పైకి ఎత్తింది. దారం ఇంకా సాగింది.

"గిదేంది, తీగ లెక్క," అంది పుష్పమ్మ. తన మైదాకు పండిన వేలితో ఆ దారాన్ని మధ్యకు తెంపి, కోడలి సగం కోడలికి వదిలేసి, తన సగం నోట్లో వేసుకుంది. కాసేపు నమిలింది. ముక్క విరిచి, పక్క నుంచి చూసి, తలకిందులు చేసి అడుగు చూసింది.

"గిది తపాలచెక్కనే గదా," అంది.

"గాదక్కా, గిది డీప్ డిష్," అన్నాడు ఐలేశం.

"పేరేదైతేంది. గిన్నెకు పిండి ఒత్తినవ్, అంచులు లేపినవ్, సన్న మంట మీద పెట్టినవ్. నేను చేసేదే. గని పిండికి వేలితోని తూట్లు పెట్టినవా?"

"లేదక్కా."

"మరి నూనె అడుక్కు ఎట్ల దిగుతది?"

"తూట్లు పెడ్తే టమాటంత కిందికి పోతదక్కా."

"పోనియ్యి. కింద రుచి ఉండొద్దా?"

ఐలేశం తన చూపుడువేలి వైపు ఒకసారి చూసుకున్నాడు. వంటింట్లోకి వెళ్ళిపోయాడు. కోపం వచ్చి వెళ్ళాడో, తూట్లు పెట్టి చూడడానికి వెళ్ళాడో తెలియలేదు.

పుష్పమ్మ వద్దు వద్దంటూనే రెండో ముక్క తిన్నది. పరశురాం వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. సుచరిత మాత్రం తినలేకపోయింది. ఇంత రుచిగా ఉన్నది గొంతు దిగకపోవడం ఆమెకు జీవితంలో ఇదే మొదటిసారి. బతుకమ్మ పండుగ కూడా దాటేదాకా తల్లిగారింట్లోనే ఉండాలి. హాలియా మంచిదే, అమ్మ మంచిదే. కానీ కేతేపల్లిలో పొద్దున్నే పరశురాం బండి స్టార్టు కాకపోతే వెనక నుంచి తనూ అత్తగారూ తోసేవాళ్ళు. ఆ తోయడం కూడా ఆమెకు గుర్తొస్తోంది.

"దసరానేనా అత్తమ్మా?" అని అడిగేసింది.

పుష్పమ్మ చేతులు తువ్వాలతో తుడుచుకుంది. డబ్బా చుట్టిన తువ్వాలే అది.

"నువ్వు పోయినంక ఇంట్ల నాతోని మాట్లాడెటోళ్ళు లేరు పిల్లా. మీ మామ ఒక మాటంటే పొద్దుగూకినంక ఇంకొకటంటడు. గా టీవీ ఒకటుండె, అది గూడ మూగవోయింది." తువ్వాల మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నేనేమన్న? నా చెవుల పడ్డదంటే అన్న. అన్ననా లేదా?"

"అన్నరు."

"నా చెవుల పడలే. నా కండ్ల పడ్డది. చెవులు వేరు, కండ్లు వేరు."

పరశురాంకు ఆ క్షణంలో తన ఉద్యోగం తనకు ఎవరి పోలిక వల్ల వచ్చిందో తెలిసింది. సుచరిత లేచి ఆమెను వాటేసుకోబోయి, కాలు సంగతి గుర్తొచ్చి కూలబడింది.

"ఆగు. ఒక్క మాటుంది," అంది పుష్పమ్మ. ఈసారి గొంతులో నవ్వు లేదు. "గిది మీ ఇద్దరి పోరతనమైతే నేను నవ్వుకొని పోత. మీ అమ్మకు తెలిసి తోలిందంటే మాత్రం వేరే ముచ్చట. నియమం పాటిద్దాం వదినె అని నేనంటే, సరే వదినె అన్నది. ముంగట సరే అని ఎనక నుంచి బిడ్డను తోలితే, గది నన్ను ఎక్కిరించినట్టే. గప్పుడు దసరా గూడ కాదు. చెప్పు, మీ అమ్మకు ఎరికేనా?"

"లేదత్తమ్మా," అంది సుచరిత. "రైకలు కుట్టనియ్యాలె, నల్లగొండ పోతున్న అని చెప్పి బస్సెక్కిన. మా అమ్మకు ఏం ఎరికలేదు. మీ మీద ఒట్టు."

అది నిజం. సుచరితకు తెలిసినంతవరకు అది పూర్తిగా నిజం.

పుష్పమ్మ ఆ ముఖంలోకి చూసి నమ్మింది. "అయితే శ్రావణం మొదటి శుక్రారానికి వస్తమని ఇప్పుడే మీ అమ్మకు చెప్త. ఫోన్ కలుపు, నా చేతులకు ఇంక జిడ్డుంది."

సుచరిత సంతోషంతో తడబడుతూ గడప మీదుగా చెయ్యి చాపి, అత్తగారి ఫోనులో అమ్మ నంబరు నొక్కి, స్పీకరు ఆన్ చేసి టేబుల్ మీద పెట్టింది. అవతల బిక్షమ్మ గొంతు పలికింది.

"ఆఁ వదినె, బాగున్నరా?"

"బాగున్నం వదినె. కోడలెట్లుంది?"

ఊరికే, పలకరింపుగా అడిగిన మాట అది. బిక్షమ్మ గడగడా అందుకుంది.

"మంచిగుంది వదినె. ఈడనే ఉంది, నా కండ్ల ముంగటనే. నెత్తికి పోసుకొని వాకిట్ల కూసుంది. ఆషాడం మొదలైన సంది మా పిల్ల గడప దాటలే వదినె. మీ మాటంటే మాటనే."

పరశురాం చేతిలో ముక్క పళ్ళెంలోకి జారిపోయింది. సుచరిత అమ్మ వైపు, అంటే ఫోను వైపు, రెండు చేతులూ అడ్డంగా ఊపింది. ఫోను ఆమె సైగలు వినదు.

పుష్పమ్మ కోడలి ముఖం నుంచి చూపు తిప్పలేదు. "అట్లనా వదినె. కోడలి ముఖం చూసి చాన దినాలాయె. జర వీడియో పెట్టు. ఫోన్ల గడప ఉండదు గదా."

సిగ్నలు లేదనో, చార్జింగు లేదనో అమ్మ అంటుందని సుచరిత ఆశపడింది. అమ్మ అలా అనలేదు. "అట్లనే వదినె" అంది, అడుగుతారని ఎదురుచూస్తున్నట్టు. తెర వెలిగింది. హాలియా ఇంటి వాకిలి కనిపించింది. తీగ మీద దుప్పటి, నీళ్ళ డ్రమ్ము, డ్రమ్ము పక్కన పీట. పీట మీద ఒక మనిషి వీపు ఇటు పెట్టి కూర్చుని ఉంది. ఒంటి మీద సుచరిత చిలకపచ్చ చీర. తలకు నున్నగా చుట్టిన తువ్వాల.

పుష్పమ్మ తెర మీది చిలకపచ్చ చీరను చూసింది. టేబుల్ అవతల కూర్చున్న కోడలిని చూసింది. మళ్ళీ తెరను చూసి, చాలా ప్రేమగా పిలిచింది.

"సుచరితా, జర ఇటు తిరుగు బిడ్డా."

"వస్తున్న అత్తమ్మా," అంది ఫోనులోంచి ఒక గొంతు, వీలైనంత సన్నగా.

ఆ గొంతు సుచరితకు తెలుసు. డిగ్రీ చదువుతున్న తమ్ముడు మల్లేష్‌ది. మల్లేష్‌కు మీసం ఉంది. తెర మీద చిలకపచ్చ భుజం కదిలి, మెల్లగా ఇటు తిరగడం మొదలుపెట్టింది.